రోంతసేపు పండుకో

“నిన్ను చూస్తే నువ్వే రోగిష్టిదాని మాదిరి ఉండావు. రోంతసేపు పండుకో పాపా. ఆయప్పను నేను చూసుకుంటా.”

ఉరుకుందమ్మ తలెత్తింది. మంచం పక్కన ఒక ముస్లిం పెద్దామె నిలబడి ఉంది.

కర్నూలు రాజధాని అయిన ఏడాది అది. ఊరంతా సందడి. ధర్మాసుపత్రిలో ఉన్న ఉరుకుందమ్మకు మాత్రం పగలేదో రాత్రేదో తెలియడం లేదు. భర్త గోపన్న ఒంట్లో నెత్తురు ఊరడం లేదన్నారు డాక్టర్లు. చిన్న దెబ్బ తగిలినా నెత్తురు ఆగదు, కనిపెట్టుకుని ఉండమన్నారు.

ఎక్కించడానికి కలిసింది గోపన్న సొంత అన్న పెద్ద ఈరన్న రక్తం ఒక్కటే. సోమవారం వచ్చి ఇస్తానని ఒట్టు పెట్టి పోయాడు. రెండు సోమవారాలు దాటాయి.

“మీరెవరమ్మా?”

“షంషాద్ బీ అంటారు. మా ఆయన అవతలి వార్డులో ఉండాడు. నువ్వు పండుకో.”

ఉరుకుందమ్మ అక్కడే నేల మీద ఒరిగింది. పది రోజుల తర్వాత కంటినిండా అదే మొదటి నిద్ర.

ఆ రోజు నుంచి షంషాద్ బీ రోజూ మధ్యాహ్నం వచ్చేది. గోపన్నకు విసనకర్రతో విసిరేది. పెదాలు తడిపేది. రెండు గంటలయ్యాక ఉరుకుందమ్మను లేపి వెళ్లిపోయేది.

వారం తర్వాత ఉరుకుందమ్మ కొర్రగంజి కాచి, ముంతలో పోసుకుని అవతలి వార్డుకు పోయింది.

“షంషాద్ బీ ఇంటాయన ఏ మంచమప్పా?”

“అట్లాంటోళ్లు ఈడ ఎవరూ లేరమ్మా.”

ఆ పక్క వార్డులోనూ అడిగింది. అక్కడా లేరు.

తిరిగి వచ్చేసరికి షంషాద్ బీ గోపన్నకు విసురుతూ కూర్చుని ఉంది.

“మీ ఆయన యాడుండాడు?”

విసనకర్ర ఆగింది.

“ఒకే కడుపున పుట్టిన అన్నే మోసం చేసిపాయ. నిన్ను నమ్మి కండ్లు మూసుకుంటి. ఏం ఆశపడి వచ్చినావు నువ్వు?”

షంషాద్ బీ విసనకర్ర మంచం మీద పెట్టింది.

“ఇంగ ఈ మంచం పక్కకు రావద్దు.”

ఆమె లేచింది.

“ఒంటిగా మాత్రం ఉండొద్దు పాపా. ఇంకెవరినైనా తోడు పిలిపించుకో,” అని వెళ్లిపోయింది.

పిలిపించుకోవడానికి ఉరుకుందమ్మకు ఎవరూ లేరు.

నాలుగో రోజు మధ్యాహ్నం కూర్చున్నది కూర్చున్నట్టే గోడకు వాలిపోయింది. చెంబు దొర్లిన చప్పుడుకు ఉలిక్కిపడి లేచింది. నీళ్ల కోసం లేచిన గోపన్న నేల మీద పడి ఉన్నాడు. నుదుటి నెత్తురు పొద్దుగూకేదాకా ఆగలేదు. ఆగేసరికి గోపన్న లేడు.

వారం రోజులు ఊళ్లో లేని ఆయా లక్ష్మీదేవమ్మ ఆ రోజే పనిలోకి వచ్చింది. మంచం తుడుస్తూ అటూ ఇటూ చూసింది.

“షంషాద్ బీ రాలేదా?”

“నేనే పొమ్మన్యా. మొగుడు ఉండాడని అబద్ధం చెప్పింది.”

“మొగుడు లేనిదని తెలిస్తే రోగి దగ్గరికి ఎవరు రానిస్తారమ్మా?”

ఉరుకుందమ్మ చప్పున తలెత్తింది.

లక్ష్మీదేవమ్మ గుడ్డ పిండి, మెల్లగా అంది.

“ఎనిమిది దినాలు మేలుకోని కూసోని, నిరుడు ఒక మధ్యాన్నం ఆమె కునుకు తీసినప్పుడే మొగుడు ఈ మంచం మీద పోయినాడు. అప్పట్నుంచి ఒంటిగా ఉండే ఆడోళ్లను నిద్రబుచ్చి, తాను మేలుకోనుంటాది.”