ఉల్లిపొర

“ఇది కణం కాదు, గాలిబుడగ. తీసేసి మళ్ళ చెయ్యి,” అంది వినీత.

మైక్రోస్కోప్ మీద వంగి ఉన్న మల్లేశ్ మెల్లగా తలెత్తాడు. “గుండ్రంగ కనవడ్తుంది గద మేడం. నల్లటి అంచు గూడ ఉన్నది.”

“గాలిబుడగనే అట్ల కనవడ్తది. ఉల్లిపొర కణాలు ఇటుకలు పేర్చినట్టుంటయని పోయిన వారం మొత్తుకున్న. ఏడ పెట్టినవ్ మనసు?”

క్లాసులో కొందరు కిసుక్కుమన్నారు. మల్లేశ్ స్లైడు కడగడానికి పోయాడు.

సిద్దిపేటలోని ఆ హైస్కూల్లో ఆదివారాలు పనిపాటలు చేసుకునేవాళ్లకు పదో తరగతి పాఠాలు చెబుతారు. దర్జీలు, ఆటో నడిపేవాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు వచ్చి కూర్చుంటారు. వాళ్లకు జీవశాస్త్రం చెప్పేది వినీత. మంచి టీచరే. అందరినీ ‘మీరు’ అంటుంది, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. మల్లేశ్ దగ్గరికి వచ్చేసరికి ఆ మంచితనమంతా ఎటు పోతుందో! నువ్వు, లే, నిలబడు, చెప్పు. ఇదే వరస. మనిషికి మూడు చెరువుల నీళ్లు తాగిస్తోంది.

దానికి అందరికీ తెలిసిన కారణం ఒకటుంది. మొదటి రోజు ఆమె ఉల్లిగడ్డ చేతపట్టుకుని కణం గురించి మొదలుపెట్టబోతే, వెనక బెంచీలోంచి మల్లేశ్ నోరు జారాడు. “ఉల్లిగడ్డను కూరల ఏసుకోవాలె గని, యంత్రంల పెట్టి సూసుడేంది?” అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. వినీత ముఖం మాడిపోయింది.

ఆ మాట ఆమెకు ఎక్కడ తగిలిందో మాత్రం క్లాసులో మిగతావాళ్లకు తెలియదు. కోహెడలో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు ఆమె మొట్టమొదటిసారి మైక్రోస్కోప్‌లో ఉల్లిపొరను చూసింది. ఆ సంబరంతో పెద్ద చార్టు మీద కణం బొమ్మ వేసింది. కేంద్రకానికి ఎరుపు, కణకవచానికి పచ్చరంగు. తండ్రికి చూపిద్దామని ఇంటికి ఉరుక్కుంటూ వచ్చింది. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఉల్లిగడ్డ పొర సూసెటందుకు బడికి పోవాల్నా? ఇంట్ల కూసోని కోసినా కనవడ్తది,” అని పొయ్యిలో పెట్టాడు. మర్నాడే బడి మాన్పించి పత్తి ఏరడానికి తోలాడు. మేనమామ సారయ్య వచ్చి కొట్లాడి సిద్దిపేట హాస్టల్లో వేయకపోతే ఆమె బతుకు ఆ చేలల్లోనే తెల్లారిపోయేది.

చార్టు కాలిపోయింది. కడుపులో మంట మాత్రం చల్లారలేదు. బాపును ఎదిరించే ధైర్యం ఆ వయసులో ఎక్కడిది? ఇన్నాళ్లకు పగ తీర్చుకోవడానికి ఒక మనిషి చేతికి చిక్కాడు. వదులుతుందా? ఎక్కడి కోపం ఎవరి మీద చూపిస్తోందని మీరనొచ్చు. అనండి. ఆమె మాత్రం వదలదు.

లెక్కల సారు గజేందర్‌కు చూసి చూసి పాపం అనిపించింది. ఆమెను వరండాలోకి పిలిచాడు.

“గాయన మీద గంత పగ ఏంది మేడం? పెండ్లాం పిల్లలున్న మనిషి. పదో తరగతి పాసైతెనే అటెండర్ కొలువు నిలవడ్తదట. ప్రాక్టికల్‌ల మీరు సరే అనకపోతే ఆగమైతడు.”

“కానియ్యిన్రి సార్,” అంది వినీత. “కణాన్ని కండ్లార సూడనోళ్లను సరే అని ఎట్ల పంపుత? నాతోని కాదు.”

లోపల మల్లేశ్ ఉల్లిగడ్డ పొలుసు విరిచి పొర లాగాడు. అది ముడుచుకుపోయింది. “మళ్ళ,” అంది తిరిగొచ్చిన వినీత. ఈసారి రంగు ఎక్కువై అంతా ఎర్రగా అలుక్కుపోయింది. “మళ్ళ.” మిగతావాళ్లంతా ముగించుకుని వెళ్లిపోయారు. గదికి తాళం వేయాలి కాబట్టి గజేందర్ ఒక్కడే ఆగాడు. మల్లేశ్ కళ్లు ధారలు కడుతున్నాయి. చూస్తుంటే వినీతకు జాలి కలగలేదు. నిజం చెప్పాలంటే ఆమె ప్రాణానికి హాయిగా ఉంది.

ఈసారి అతను కవర్ స్లిప్‌ను సూది మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, ఏటవాలుగా దించాడు. బుడగ రాలేదు. మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టాడు. మర మెల్లగా తిప్పాడు.

“ఏం కనవడ్తుంది?”

“ఇటుకలు మేడం. ఒక్కోదాంట్ల ఒక్కో సుక్క.”

“సుక్క పేరు?”

“కేంద్రకం.”

“చుట్టున్న గోడ?”

“కణకవచం.” కన్ను తీయకుండానే అన్నాడు. “గింత సక్కగుంటదా మేడం? నాకెవ్వలు చెప్పలే.”

“చెప్తె ఇనేటోనివా?”

ఆ గొంతుకు గజేందర్ ఉలిక్కిపడ్డాడు. మల్లేశ్ తల మరి లేవలేదు. వినీతకు కావలసింది అదే. కళ్లారా చూడాలి, బాగుందని ఆ నోటితోనే అనాలి, ఆ తర్వాత లోపల్లోపల కుమిలిపోవాలి.

“సరే. ఇంక పో. పరీక్షకు పనికొస్తవు,” అంది.

మల్లేశ్ చేతులు తుడుచుకుంటూ బయటికి నడిచాడు.

“ఇగనన్న మీ పగ సల్లారిందా?” అన్నాడు గజేందర్.

“ఏడ సార్! కణవిభజన ఇంక మొదలే పెట్టలే.”

వినీత స్కూటీ తీసుకుని గేటు దాటింది. మల్లేశ్ మండుటెండలో ముందు నడుచుకుంటూ పోతున్నాడు. ఆమె మలుపు తిరిగేదాకా ఆగి, బడివాళ్లెవరూ వెనక లేరని చూసుకుని, అతని పక్కనే బ్రేకు వేసింది.

“ఎక్కు బాపూ, గీ ఎండల నడిపిచ్చినంటే మళ్ళ అవ్వ నన్నే తిడ్తది,” అంది.