గెడమ్మ తల్లి

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కొత్తల్లో మాట.

మాఘమాసం, దశమినాడు పొద్దున్నే ఒక గూడుబండి బోడసకుర్రు రేవు దాటి రాజోలు బాట పట్టింది.

తోలేది పలివెల అమ్మిరాజు. గూడులో అతని తల్లి వరహాలమ్మ, భార్య వీరవేణి.

పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా వీరవేణి కడుపు పండలేదు. అందుకే సప్తసాగర యాత్ర. గోదావరి సముద్రంలో కలిసే ఏడు చోట్లా మొగుడూ పెళ్ళాం కొంగులు ముడేసుకుని మునగాలి.

ఆరు మునకలు అయ్యాయి. ఏడోది రేపు, ఏకాదశినాడు, అంతర్వేదిలో.

ఇదీ ఫలించకపోతే కొడుక్కి ఇంకో పిల్లని చూస్తానని వరహాలమ్మ చెప్పకనే చెప్పింది. అలా చెప్పడంలో ఆవిడ దిట్ట.

బాట పక్కనుంచి ఒక ముసలమ్మ చెయ్యెత్తింది.

తెల్లచీర, బొట్టు లేని నుదురు. భుజాన తనకి రెండింతలు పొడుగున్న వెదురు గెడ, గెడ కొనకి చిన్న మూట.

"అంతర్వేదికేనా బాబూ? కాళ్ళు లాగేస్తన్నాయి. వెనకాల ఓ మూల కూచుంటానండి."

అమ్మిరాజు పగ్గాలు బిగించాడు.

"ఆపకు!" అంది వరహాలమ్మ. "శుభమా అని ఏడో మునక్కి వెళ్తంటే బొట్టులేని మనిషిని బండెక్కిస్తావా? నీకు మతుందా?"

ముసలమ్మ గెడ భుజం మార్చుకుని పక్కకి తప్పుకుంది. కొత్త మాట కాదు కాబోలు. బండి సాగిపోయింది.

మధ్యాహ్నం కాలవ దగ్గర ఎడ్లని విప్పారు. వరహాలమ్మ గూడులో కునుకు తీస్తోంది. అంతలో ముసలమ్మ అటే నడిచి వచ్చింది.

వీరవేణి చప్పుడు కాకుండా దిగి, గుప్పెడు అటుకులూ బెల్లంముక్కా తీసుకెళ్ళి ఇచ్చింది.

"ఏమీ అనుకోకండి మామ్మగారూ. మా అత్తగారు..."

"అనుకోనమ్మా. నేనూ ఒకప్పుడు అత్తనే." ముసలమ్మ నవ్వింది. "ఎన్నో మునక?"

"ఏడోదండి."

ఆ మాటకి ముసలమ్మ నవ్వు ఆగిపోయింది. వీరవేణి చెయ్యి పట్టుకుంది.

"గెడమ్మకి ఇవతలే మునుగు తల్లీ. దాటి ఒక్క అడుగు వెయ్యకు."

"ఆయ్," అంది వీరవేణి. గెడమ్మంటే ఎవరో అడిగేలోపు అత్తగారు దగ్గింది.

అంతర్వేది చేరాక తెలిసింది. ఏటా దశమినాడు జనమంతా స్వామి కల్యాణం చూసి ఒడ్డుకి వచ్చేసరికి, నీళ్ళలో ఎర్రగుడ్డ కట్టిన గెడ ఒకటి వెలిసి ఉంటుందట. ఎవరూ పాతరు, తల్లి తనంతట తనే వెలుస్తుందట. ఆడవాళ్ళు దానికి పసుపు రాసి, మొక్కి, ఆ పక్కనే మునుగుతారు.

ఈసారి కల్యాణం అయిపోయినా వెలవలేదు.

"ఎవరేం అపచారం చేసేరో!" అని బుగ్గలు నొక్కుకుంది వరహాలమ్మ.

తెల్లారేసరికి గెడ నీళ్ళలో నిటారుగా నిలబడి ఉంది.

"గెడమ్మ వెలిసిందర్రా!" అని జనం పరుగెత్తారు.

అమ్మిరాజూ వీరవేణీ కొంగుముడితో దిగారు. మునిగి లేచారో లేదో, పెద్ద కెరటం ఒకటి వెనక్కి లాగింది. వీరవేణి కాళ్ళ కింద ఇసుక జారిపోయింది. కొంగుముడి ఊడిపోయింది.

చేతికి గెడ తగిలింది. రెండు చేతులా వాటేసుకుంది.

గెడ వంగింది గాని ఊడలేదు. అమ్మిరాజు ఈదుకొచ్చి పట్టుకునేదాకా నిలబెట్టింది.

ఒడ్డున వరహాలమ్మ కోడల్ని గుండెకి హత్తుకుని బావురుమంది. దొంగ ఏడుపు కాదు. "గెడమ్మ తల్లీ! ఆడపిల్ల పుడితే నీ పేరే పెట్టుకుంటానే!"

వీరవేణి ముసలమ్మ కోసం నాలుగువైపులా చూసింది. కనబడలేదు.

ఆ కార్తీకంలో ఆడపిల్లే పుట్టింది. గెడమ్మ అని పేరు పెట్టారు. వరహాలమ్మ ఆ పిల్లని కింద దించితే ఒట్టు. ఇంకో కోడలి మాట మరి ఎత్తలేదు.

పిల్లకి మూడో ఏడు వచ్చాక, పుట్టువెంట్రుకలు ఇవ్వడానికి మళ్ళీ అంతర్వేది వెళ్ళారు.

ఏకాదశి పొద్దున్న నీళ్ళలో గెడ లేదు. పడవ నడిపే నూకయ్య పచ్చి వెదురు గెడ ఒకటి మోసుకొస్తూ కనిపించాడు.

"గెడమ్మ వెలవలేదేం నాయనా?" అనడిగింది వరహాలమ్మ.

"వెలవడమేటండి? పాతేవారండి, ఓ మామ్మగారు. ఇరవయ్యేళ్ళ కిందట ఆవిడ కొడుకూ కోడలూ ఏడో మునక్కొచ్చి ఇక్కడే కొట్టుకుపోయేరండి. అప్పట్నించీ ఏటా వచ్చి, తనే దిగి, ఎక్కడ లోతుందో చూసి పాతేవారు. ఆ ఎర్రగుడ్డ కోడలి పెళ్ళిచీర పేలికండి. నిరుడు పాతేసి ఒడ్డుకొచ్చి పడుకున్నారు. మరి లేవలేదు. ఈయేడు నుంచీ నేనే పాతుదామని... ఎర్రగుడ్డ ఏదన్నా ఉంటే ఇప్పించండమ్మా."

వీరవేణి తను కట్టుకున్న ఎర్ర పెళ్ళిచీర చెంగు చింపి ఇచ్చింది.

వరహాలమ్మ చంకలో పిల్లని పైకి సర్దుకుని కళ్ళు తుడుచుకుంది.

"ఎంత మహాతల్లి! ఒక్కసారి కనబడుంటే కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన జల్లుకునేదాన్ని. నువ్వన్నా ఎవరికీ చెప్పలేదేం నాయనా?"

"చెప్పనిచ్చేవారు కాదండి," అన్నాడు నూకయ్య గెడకి గుడ్డ కడుతూ. "బొట్టులేని మనిషి పాతిందని తెలిస్తే ఎవరూ దాన్ని ముట్టుకోరు, మునిగిపోతారనేవారు. మీరొచ్చిన బాటనే, బండెక్కించుకోమని కనబడినవారినల్లా అడిగి, ఎవరూ ఎక్కించుకోక, భుజాన గెడ, గెడకి మూటతో నడిచే వచ్చేవారండి."