నొక్కి తిప్పే మూత

పసిదాని చేతిలోంచి సీసా చటుక్కున లాగేసుకుంది మేడమీదావిడ.

నాలుగేళ్ళ పిడుగు ఇల్లెగిరిపోయేలా ఏడుపు లంకించుకుంది.

"ఇదేం చోద్యమమ్మా! చిన్నపిల్ల చేతిలోది లాక్కుంటావేంటి?" అంది నానమ్మ.

"మందు సీసా అండీ అది!"

"తెలుసులే. నా బి.పి. మాత్రలే. నేనే మూత తీసిమ్మన్నాను."

మేడమీదావిడ కొయ్యబారిపోయింది.

పై గదిలో కొత్తగా అద్దెకు దిగిన ఒంటరి మనిషి ఆమె. మెట్ల మీద లైటు పోయిందని చెప్పడానికి వచ్చి ఈ దృశ్యం చూసింది.

ఆ మూత మామూలు మూత కాదు. కిందికి నొక్కాలి, నొక్కుతూనే తిప్పాలి. పిల్లలు తీయలేకుండా అలా చేస్తారట. నానమ్మ వేళ్ళు కీళ్ళ నొప్పులతో బిగుసుకుపోయి ఉండేవి. ఎంత గింజుకున్నా మూత వచ్చేది కాదు. కొడుకూ కోడలూ పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్ళిపోయేవారు.

ఓ రోజు నానమ్మ సీసాతో కుస్తీ పడుతుంటే, మనవరాలు దాన్ని నేలమీద పెట్టి, రెండు అరచేతులూ ఆనించి, ఒంటి బరువంతా వేసి తిప్పేసింది.

అంతే. ఆ రోజు నుంచీ మూత తీసే ఉద్యోగం పిడుగుదే.

ఇంటికి ఎవరొచ్చినా ఆ విద్య ప్రదర్శించాల్సిందే. అందరూ చప్పట్లు కొట్టాల్సిందే.

మేడమీదావిడ మాత్రం కొట్టలేదు.

"ఇంకెప్పుడూ దానిచేత తీయించకండి. మీకు పుణ్యముంటుంది. నేను పైనే ఉంటాగా, ఓ కేక వెయ్యండి. కిందా మీదా పడైనా నేనే తీసిస్తాను."

"నీకెందుకమ్మా అంత శ్రమ? మా పిల్ల నోట్లో పెట్టుకోదు. చెబితే వింటుంది."

"అందరం అలాగే అనుకుంటామండీ."

నానమ్మకు ఒళ్ళు మండింది.

"నీకు మనవలున్నారా?"

ఆమె సీసా మూత మళ్ళీ బిగించింది.

"లేరండీ."

"అదీ సంగతి! పెంచితే తెలుస్తుంది."

ఆ మాటకు ఎవరైనా మళ్ళీ గడప తొక్కుతారా? ఆమె తొక్కింది. రోజూ మాత్ర వేళకు తలుపు తట్టేది.

"వేసుకున్నారా? సీసా ఎక్కడ పెట్టారు? దానికి అందేలా పెట్టకండి."

"అబ్బబ్బ, నీతో వేగలేకపోతున్నానమ్మా!"

ఒకనాడు కొడుకూ కోడలూ ఉండగానే అంది మేడమీదావిడ.

"ఒకవేళ పిల్ల మింగితే కక్కించకండి. ఉప్పునీళ్ళు గట్రా పట్టకండి. సీసా కూడా పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తండి."

కోడలు భగ్గుమంది.

"అవేం పాడు మాటలండీ! మా పిల్ల మీద మీకెందుకింత కక్ష?"

కొడుకు తిన్నగా ఇంటి యజమాని దగ్గరకు వెళ్ళాడు.

"ఆవిడైనా ఉండాలి, మేమైనా ఉండాలి. తేల్చండి."

యజమాని తేల్చాడు. ఒంటరి మనిషిని పంపడం తేలిక కదా.

చేతిసంచీతో మెట్లు దిగుతూ ఆమె వాళ్ళ గుమ్మం ముందు ఆగింది.

"అమ్మా, ఆ సీసా..."

కోడలు తలుపు వేసేసింది.

"పీడ వదిలింది" అంది నానమ్మ. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు తలచుకుని లెంపలు వాయించుకుందో!

ఓ మధ్యాహ్నం నానమ్మకు కునుకు పట్టింది. లేచి చూస్తే ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. పిడుగు ఉన్న ఇంట్లో నిశ్శబ్దమేమిటి?

పక్కగదిలో బొమ్మలన్నీ వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కో బొమ్మ ముందు ఒక్కో మాత్ర. చివర్న పిడుగు కూడా పడుకుని ఉంది.

"నానమ్మ ఆట ఆడుతున్నా" అంది మత్తుగా. "నేనూ వేసుకున్నా."

"ఎన్ని వేసుకున్నావే తల్లీ? లేవవే!"

రెప్పలు ఎత్తలేకపోతోంది పిల్ల.

నానమ్మ గబగబా పిల్ల గొంతులో వేలు పెట్టబోయింది.

కక్కించకండి.

ఆ పాడు మాటే గుర్తొచ్చింది. పిల్లను భుజాన వేసుకుని, సీసా పట్టుకుని, చెప్పులైనా లేకుండా వీధిలోకి పరిగెత్తింది.

మర్నాడు సాయంత్రానికి గానీ పిల్ల కళ్ళు సరిగ్గా తెరవలేదు.

"ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదు. సీసా తేవడంతో ఏ మందో వెంటనే తెలిసింది. ఎవరు చెప్పారు మీకు?" అడిగాడు డాక్టరు.

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

పిల్లను ఇంటికి తీసుకొచ్చాక, నానమ్మ కొడుకును వెంటబెట్టుకుని యజమాని ఇంటికి వెళ్ళింది.

"ఆవిడ ఎక్కడుందో చెప్పు బాబూ. కాళ్ళ మీద పడతాను."

"తెలీదండీ. ఫోన్ చేస్తే పలకడం లేదు."

"నా అన్నవాళ్ళు ఎవరూ లేరా?"

"కొడుకున్నాడు. ఈ ఊళ్ళోనే. తల్లిని గడప తొక్కనివ్వడు."

"కన్నతల్లినా! అంత పాపం ఏం చేసిందని?"

యజమాని ఇబ్బందిగా నానమ్మ కొడుకు వంక చూశాడు.

"ఖాళీ చేసే రోజున చెప్పిందండీ. మీతో అనొద్దంది. మనవడు పోయిన దగ్గర్నుంచీ కొడుకు ఆవిడ మొహం చూడడట."

"మనవడా? లేరందే! ఏమైంది ఆ పిల్లాడికి?"

"ఆవిడకీ మీలాగే మూత వచ్చేది కాదట... వాడే తీసిచ్చేవాడటండీ."