ఏడాది ముందే నేర్చిన లెక్కలు

"పదకొండో తరగతి పిల్లవి. పన్నెండో తరగతి లెక్కలు, ఫిజిక్సు ఇప్పుడే ఎందుకమ్మా నీకు?" అని అడిగాడు ప్రిన్సిపాల్.

"కావాలి సార్," అంది పిచ్చుక.

హాజరుపట్టీలో వేరే పేరు ఉంది గానీ, ఇంట్లోనూ వీధిలోనూ ఆమె పిచ్చుకే. ప్రిన్సిపాల్ ఆ ఏడాదే కొత్తగా వచ్చాడు. పై తరగతి సబ్జెక్టులు ఏడాది ముందే చదువుతానన్న పిల్లను ఆయన తన సర్వీసులో చూడలేదు. మురిసిపోయి సంతకం పెట్టేశాడు. ఎందుకని మళ్ళీ అడగలేదు. అడగని మాట చెప్పే అలవాటు పిచ్చుకకు లేదు.

కిందటేడు పన్నెండో తరగతిలో అన్నయ్య తప్పాడు. మిగతావాటిల్లో మంచి మార్కులే. లెక్కలూ ఫిజిక్సే పోయాయి. నోటితోనే లెక్క తేల్చేసే మనిషి, ఎప్పటికైనా లెక్కల మాస్టారు కావాలనుకున్నవాడు, లెక్కల్లోనే తప్పాడు. ఫలితాలు వచ్చిన రోజు ఇంట్లో అందరికన్నా ఎక్కువ ఏడ్చింది పిచ్చుక. రెండు రోజులు అన్నం ముట్టలేదు.

"పోనీలేవే, నీ తప్పేముంది?" అంది అమ్మ.

నాన్నది సైకిల్ షాపు. "ఇంకొక్కసారి చూద్దాంరా. ఈసారీ తప్పితే ఇక షాపే గతి. ట్యూబుకి గాలి కొట్టడానికి లెక్కలెందుకులే," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఎవరికీ నవ్వు రాలేదు.

పెద్ద తరగతిలో ఆమెకు ఆఖరి బెంచీ దొరికింది. కూర్చుంటే కాళ్ళు నేలకు ఆనేవి కావు.

"చంటిపాపా, పాలసీసా తెచ్చుకున్నావా?" అన్నాడు ముందు బెంచీ పొడుగాయన.

మొదటి నెల తలా తోకా తెలియలేదు. మొదటి పరీక్షలో వందకి ఆరు. అయినా చెయ్యెత్తడం మానలేదు. బోర్డు మీద కొత్త గుర్తు కనిపిస్తే చాలు, "సార్, దీన్ని నోటితో ఎలా చదవాలి?" అని అడిగేది. తరగతంతా గొల్లుమనేది.

"లెక్క చెయ్యమంటే పాట పాడతానంటుందేంట్రా ఈ పిల్ల," అన్నాడు పొడుగాయన.

"నువ్వు రెండూ చెయ్యవు. కూర్చో," అన్నాడు లెక్కల మాస్టారు. ఆ తర్వాత ఆయన ఏ గుర్తు వేసినా, ఆమె వైపు చూసి, నోటితో ఒకసారి చదివి వినిపించేవాడు.

సాయంత్రాలు షాపులోనే చదువు. అన్నయ్య ట్యూబుని చెవి దగ్గర పెట్టుకుని, చిల్లు ఎక్కడుందో చప్పుడుతోనే పట్టేసేవాడు. ఆమె పక్కన ఖాళీ డబ్బా మీద కూర్చుని ఆనాటి పాఠం పైకి చదివేది. అతను వింటూ ఒక్కొక్క మెట్టూ చెప్పుకుపోయేవాడు. ఆమె గబగబా రాసుకునేది. బొమ్మలొచ్చిన చోట అతని అరచేతిలో వేలితో గీసేది.

"చక్కిలిగిలి పెట్టకే," అనేవాడు.

"కాగితాలకి కరువొచ్చిందా పాపా?" అని అడిగాడొకరోజు సైకిలు బాగు చేయించుకోవడానికొచ్చిన పోస్ట్‌మాన్.

"చెయ్యయితే చెరిపే పని లేదు బాబాయ్," అంది పిచ్చుక.

ఆ ఏడాది ఆమె సొంత చదువు అటకెక్కింది. పదకొండో తరగతిలో కెమిస్ట్రీ తప్పినంత పనైంది. ఎప్పుడూ పక్కన కూర్చునే స్నేహితురాలు ఇంకొకరి పక్కకు మారిపోయింది. "నీకు పెద్దవాళ్ళున్నారుగా," అని ఒక్క మాట అంది.  బతిమాలుకునేందుకు పిచ్చుకకు తీరిక కూడా లేదు.

ఏడాది చివరికి ఆమె చెయ్యి ఎక్కడా తడబడటం లేదు. అన్నయ్య నోట్లోంచి మాట పూర్తవకముందే గుర్తు కాగితం మీద పడేది. బడిలో పెట్టిన ఆఖరి పరీక్షలో లెక్కల్లో తొంభై రెండు వచ్చాయి. ప్రిన్సిపాల్ ఆమెను వేదిక ఎక్కించి చప్పట్లు కొట్టించాడు. పొడుగాయన కూడా కొట్టాడు.

ఆ సాయంత్రం అన్నయ్య చేతిలో పని పక్కన పెట్టేశాడు. "ఇక మనకి తిరుగులేదే పిచ్చుకా," అన్నాడు. నాన్న షాపు ఒక గంట ముందే కట్టేశాడు.

పెద్ద పరీక్షలకు పది రోజులున్నాయనగా, అన్నయ్య కోసం కావలసిన ఫారం నింపుకుని ఆమె బడి ఆఫీసుకు వెళ్ళింది. కిందటేడు ఇలాంటి ఫారం తీసుకున్నదీ ఇదే గుమాస్తా.

"మళ్ళీ వచ్చావా అమ్మడూ? ఈసారి అన్నయ్య గట్టెక్కాలి మరి," అంటూ ముద్ర వెయ్యబోయి, ఆమె తరగతి సరిచూసుకోవడానికి రిజిస్టరు తెరిచాడు. వేలు ఒక వరుస మీద ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. లేచి లోపలికి వెళ్ళి ప్రిన్సిపాల్‌ని పిలుచుకొచ్చాడు.

ఆయన ఫారం చదివాడు. రెండోసారీ చదివాడు. చప్పట్లు కొట్టించిన మనిషి ఆమె మొహం చూడలేకపోయాడు.

"ఎందుకని ఆ రోజు నేనైనా గట్టిగా అడగలేదు తల్లీ," అన్నాడు.

"ఏమైంది సార్? అన్నీ వచ్చు నాకు. ఏ పేజీ అయినా అడగండి," అంది పిచ్చుక.

గుమాస్తా నిబంధనల పుస్తకం ఆమె వైపు తిప్పాడు. చూపు లేని విద్యార్థి పక్కన కూర్చుని అతను చెప్పిన జవాబులు రాసిపెట్టేవాళ్ళు ఆ సబ్జెక్టులు అసలు చదివి ఉండకూడదట. కిందటేడు ఏ గుర్తు ఎలా వెయ్యాలో తెలియక అన్నయ్య పేపర్లు పాడుచేసిన పిచ్చుకలాంటివాళ్ళే కావాలట.