ఒక్క కంత

“ఒక్క కంత,” అంది పెద్ద మేడం, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే.

“ఒక్కటే కదా మేడం!” మిషన్ గోలలో వినపడాలని అరిచింది ఇంజనీరమ్మాయి.

“రెండోది దాని వెనకే వస్తుంది. ఫెయిల్.”

గుండె కవాటంలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే బిళ్ళ అది. కార్బన్‌లో సిరామిక్ పొడి కలిపి, కాల్చి, నునుపు పెట్టి ఇంజనీరమ్మాయే తయారుచేసింది. కవాటం టక్కున మూసుకున్నప్పుడల్లా నెత్తుట్లో కంటికి కనపడని బుడగలు పుట్టి పగులుతాయి. బుడగే కదా అని తీసిపారేస్తే పప్పులో కాలేసినట్టే. అవి పట్టుబట్టాయంటే ఉక్కునైనా గుల్ల చేస్తాయి. అందుకే ఈ పరీక్షల గదిలో బిళ్ళని నీళ్ళలో ముంచి, దాని ఎదురుగా ఒక కడ్డీని చెవులు చిల్లులు పడేలా వణికిస్తారు. బిళ్ళ మీద బుడగల వాన కురుస్తుంది. తట్టుకుంటే పాస్.

ఈసారి కూడా తప్పితే ఈ పనే మూసేస్తానని డైరెక్టరు తెగేసి చెప్పాడు. అదే జరిగితే ఇంజనీరమ్మాయి ఇన్నేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

ఏడుపు మొహంతో బయటికొచ్చిన ఆమెను చూసి కోత మిషన్ మేస్త్రి నవ్వాడు.

“కంతల మేడం దగ్గర పాసవ్వాలంటే దేవుడు దిగిరావాలమ్మా.”

“ఆవిడకి నా మీద కోపమేమో బాబాయ్.”

“ఛ ఛ! అదో రకం మనిషి. పిడుగు పడ్డా బెదరదు గానీ బ్లేడు చూస్తే ఆమడ దూరం. ముక్క కొయ్యాలంటే నేనే వెళ్ళాలి. వేలికి గీత పడితే ఊరంతా ఏకం చేస్తుంది. మనమంతా భోజనాల గదిలో కబుర్లాడుకుంటుంటే ఆవిడ ఆ గోలలోనే క్యారేజీ విప్పుకుంటుంది. లోపల గోడ గడియారం ఆగిపోయి ఎన్నాళ్ళయిందో! బ్యాటరీ వేస్తానంటే ‘నాకెందుకయ్యా ఇంకోటి’ అంటుంది. చూస్తే చేతికి వాచీ కూడా లేదు!”

ఏడుపులోనే నవ్వొచ్చింది ఆమెకి.

“కానీ ఒకటమ్మా, ఆవిడ ముద్ర పడిన బిళ్ళ ఇంతవరకూ ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.”

ఇంజనీరమ్మాయి కళ్ళు తుడుచుకుని మళ్ళీ లోపలికి నడిచింది.

“మేడం, ఆ కంత సూదిమొనంత కూడా లేదు. పెట్టించుకున్నవాళ్ళకి అసలు తెలుస్తుందా?”

“తెలుస్తుంది.”

“ఇప్పుడు వాడుతున్న పాత బిళ్ళ కూడా మీరే పరీక్ష చేశారట. దానికి వేసిన ముద్ర నా దానికి వెయ్యడానికి చెయ్యి రాదేం?”

“పాతది నన్నింతవరకూ మోసం చెయ్యలేదమ్మాయ్.”

“నాది చేస్తుందనా?”

మేడం సొరుగులోంచి ఏదో మాత్ర తీసి, గుక్కెడు నీళ్ళతో మింగింది. తర్వాత ఆ కవాటం బిళ్ళని అరచేతిలో పెట్టుకుని దీపం కింద అటూ ఇటూ తిప్పింది.

“నీదెంత గొప్పగా ఉందో నీకే తెలీదు. ఇంత నునుపు నా సర్వీసులో చూడలేదు. అంత వానకీ నడుమ ఎక్కడా చెక్కుచెదరలేదు. కంత అంచు మీద ఉంది, చూడు. అంటే తప్పు నీ సరుకులో లేదు, అంచు నునుపు పెట్టడంలో ఉంది. అంచు మళ్ళీ నునుపు పెట్టు. ఇంకొంచెం గడువివ్వమని డైరెక్టరుతో నేను మాట్లాడతాను. ఇలాంటిది ఎప్పుడొస్తుందా అని ఎంతకాలంగా చూస్తున్నానో!”

ఆ మెప్పుకి ఇంజనీరమ్మాయి కడుపు నిండిపోయింది. అయినా ఉక్రోషం ఆగలేదు.

“ఇంత మెచ్చుకుంటూ ఫెయిల్ చేస్తారేం మేడం? ఒక్క కంతకి అంత భయమా?”

మేడం చెయ్యి చాచి మిషన్ ఆపేసింది.

ఆ గదిలో గోల ఆగడం ఇంజనీరమ్మాయి ఎన్నడూ ఎరగదు. చెవుల్లో హోరు మెల్లగా తగ్గింది. అప్పుడు వినిపించింది. టిక్. టిక్. టిక్. సన్నగా, తూచినట్టుగా.

ఆమె అలవాటుకొద్దీ గోడకేసి చూసింది. గడియారం ముల్లు ఎప్పట్లాగే కదలడం లేదు.

“దగ్గరికి రా,” అంది మేడం.

ఆ చప్పుడు మేడం గుండెలోంచి వస్తోంది.