ఒకటే లైను, మూడు కంప్యూటర్లు

అత్తగారి గుర్రం ఇంకా గాల్లో ఉండగానే నెట్ పోయింది.

"ఎవరే నా నెట్ లాక్కున్నదీ?" అత్తగారు ఒంటికాలి మీద లేచారు.

పక్క గదిలో కోడలు నాలిక కరుచుకుంది.

ఆ ఇంట్లో కంప్యూటర్లు మూడు. ఇంటర్నెట్ లైను మాత్రం ఒకటే. కొడుకు ఓ చిన్న పెట్టె కొనుక్కొచ్చి, మూడింటికీ తీగలు లాగి, "ఇక అందరికీ నెట్టే!" అని చేతులు దులుపుకున్నాడు.

తీరా చూస్తే, ముందు లేచిన కంప్యూటరుకే నెట్. మిగతావాటికి గుండుసున్నా.

దాంతో ఇంట్లో ఓ దొంగవిద్య పుట్టుకొచ్చింది. నెట్ కావలసినవాళ్ళు పిల్లిలా హాల్లోకి వెళ్ళడం, మోడెం ఆపి మళ్ళీ వేయడం, పరుగున వచ్చి తమ కంప్యూటరు ముందు లేపుకోవడం!

ఆరోజు ఆ పని కోడలు చేసింది. ఆఫీసు మీటింగు మరి. అవతల అత్తగారు ఆడుతున్నది ఆన్‌లైన్ చదరంగం పోటీలో సెమీఫైనల్ అని ఆమెకేం తెలుసు?

"ఏదో బొటాబొటిగా గట్టెక్కాను," అన్నారు అత్తగారు, నెట్ మళ్ళీ తెచ్చుకుని ఆట ముగించాక. "నెట్ పోయినా అక్కడ గడియారం ఆగదమ్మాయ్. రేపు ఫైనల్లో ఇలా జరిగితే ఓడినట్టే. ఇన్నేళ్ళూ మీ అందరి గెలుపులూ చూసి సంబరపడ్డాను. ఒక్కటి నాకంటూ గెలవాలని ఉందే."

కోడలు లేచి చెప్పులేసుకుంది.

"పదండి అత్తయ్యా, కంప్యూటర్ల కొట్టుకెళ్దాం."

కొట్లో కోడలు పాత పెట్టె కౌంటరు మీద పెట్టింది.

"దీనికి తీగలు దూర్చే కన్నాలు తక్కువగా ఉన్నాయండీ. ఎక్కువ కన్నాలున్నది ఇవ్వండి."

కొట్టువాడు అరల వైపు తిరిగాడు.

"అది వద్దమ్మా," అన్నాడు పక్కన నిలబడ్డ ఓ పెద్దమనిషి. చేతిలో సంచీ, కళ్ళకి మందపాటి అద్దాలు.

"ఏం? ఎందుకొద్దూ?" అంది కోడలు.

"ఇది స్విచ్చి. కంప్యూటర్లని ఒకదానితో ఒకటి కలుపుతుందంతే. లైనువాళ్ళు ఇంటికి ఒకటే నెట్ చిరునామా ఇస్తారు. ముందు లేచిన కంప్యూటరు దాన్ని పట్టుక్కూర్చుంటుంది. ఎన్ని కన్నాలున్నా అంతే."

"మరేం కొనాలి?"

"రౌటరు. అది ఇంటి పెద్దలాంటిది. వచ్చినదాన్ని తను తీసుకుని అందరికీ పంచుతుంది. మా ఇంట్లోనూ ఇదే కొట్లాట. అందుకే నేనూ కొన్నాను."

"అయితే రౌటరే ఇవ్వండి," అన్నారు అత్తగారు.

కొట్టువాడు తల గోక్కున్నాడు. "ఉన్న ఒక్కటీ ఈయనకే ఇచ్చేశానమ్మా. మళ్ళీ సరుకు వచ్చేవారమే."

అత్తగారి మొహం వాడిపోయింది.

"అంత తొందరా?" అడిగాడు పెద్దమనిషి.

"తొందరేమిటండీ! రేపు నాకు చదరంగం ఫైనల్. అవతలివాడు మౌనముని అట. మొహం చూపించడు, ఊరూ పేరూ చెప్పడు. ఏళ్ళ తరబడి కప్పు వాడిదే. పేరుకే మునిగానీ వట్టి జిత్తులమారి! నెట్ ఒక్కటి నిలబడితే చాలు, వాడి గడ్డం పీకి చేతిలో పెడతాను."

పెద్దమనిషి ఒకసారి తన గడ్డం తడుముకున్నాడు. సంచీలోంచి పెట్టె తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"అలాగే పీకండమ్మా. నాకు వచ్చేవారమైనా ఫరవాలేదు."

"అత్తయ్యా," కోడలు చెవిలో గొణిగింది. "ఊరూపేరూ లేనివాడు ఊరికే ఇస్తాడా? పాడైందేదో అంటగడుతున్నాడు, చూడండి."

ఆమె పెట్టెని అటు తిప్పి, ఇటు తిప్పి, సీలు మీద గోరు పెట్టి గీరి చూసింది. పెద్దమనిషి బిల్లు అత్తగారి పేర మార్పించి తన దారిన తను వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆ ఇంట్లో వింత జరిగింది. కొడుకు నెట్‌లో పాఠాలు చెప్పుకుంటున్నాడు. కోడలి మీటింగు నడుస్తోంది. అత్తగారు ఫైనల్ ఆడుతున్నారు. మోడెం జోలికి ఎవరూ పోలేదు!

మౌనముని మాత్రం అంగుళం వదల్లేదు. ఏనుగుని తిన్నాడు. మంత్రిని మూలకి నెట్టాడు. అత్తగారి నుదుట చెమటలు. మీటింగు ముగించుకుని కోడలూ, పాఠం ఆపేసి కొడుకూ వచ్చి వెనక నిలబడ్డారు.

"అమ్మా, ఆ బంటు..." అన్నాడు కొడుకు.

"నోర్ముయ్! నాకు కనిపిస్తోంది."

అందరూ మరిచిపోయిన ఆ మూల బంటు ఒక్కో గడీ నడిచింది. చివరి గడి చేరింది. కొత్త మంత్రి లేచింది. మౌనముని రాజుకి దారులన్నీ మూసుకుపోయాయి.

"చెక్‌మేట్!"

అత్తగారు కుర్చీలోంచి ఎగిరి గంతేశారు. కోడలు ఆవిడ నడుం పట్టుకుని గది చుట్టూ తిప్పేసింది. కొడుకు వేసిన ఈలకి పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు.

"గెలిచానే! ఆ మౌనముని మీద గెలిచానే!" ఆవిడ నవ్వుతూనే ఏడ్చేశారు.

ఇంతలో నిర్వాహకుల మాట వినిపించింది. "విజేతకి అభినందనలు. ఇద్దరూ కెమెరాలు ఆన్ చేస్తే ఒకరికొకరు నమస్కారం చెప్పుకోవచ్చు."

"చూద్దాం, మునిగారి మొహం ఎలా ఉంటుందో!" కళ్ళు తుడుచుకుని అత్తగారు సర్దుకు కూర్చున్నారు.

తెర వెలిగింది.

వెనక అట్టపెట్టెల అరలు, పక్కన కౌంటరు, దాని వెనక నిలబడి నోరు తెరిచి చూస్తున్న కొట్టువాడు. వాడి కంప్యూటరు ముందు స్టూలు మీద కూర్చుని, ఉన్న ఒక్క రౌటరూ ఇచ్చేసిన ఆ పెద్దమనిషి అత్తగారి కోసం చప్పట్లు కొడుతున్నాడు.