నలభై ఒక్క శాతం

"ఇప్పుడెంతవరకు వచ్చింది సార్?" ఫోన్లో అడిగింది కంప్యూటర్ కంపెనీ హెల్ప్‌లైన్ అమ్మాయి.

రిటైరైన ప్రూఫ్‌రీడర్ తెర వైపు చూశాడు. ఆయన పాత కంప్యూటర్లో కొత్త సిస్టమ్ శుభ్రంగా ఎక్కేసింది. నీలం రంగు మీద 'స్వాగతం' అని అక్షరాలు కూడా వచ్చేశాయి. ఆ మాట చెప్పాడా, థాంక్యూ సార్ అని ఆ అమ్మాయి ఫోన్ పెట్టేస్తుంది. ఆ తర్వాత ఈ రెండు గదుల్లో మళ్ళీ ఫ్రిజ్ చప్పుడొక్కటే. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ తప్పులు దిద్దిన పెద్దమనిషి, తడుముకోకుండా తనే ఓ తప్పు చేశాడు.

"నలభై శాతమమ్మా."

"పాత మెషీన్ కదా, నిదానంగానే ఎక్కుతుంది. నేను లైన్లోనే ఉంటాలెండి."

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఫోన్ స్పీకర్లో పెట్టి, సూదీ దారం అందుకున్నాడు.

"ఏం చేస్తున్నారు సార్, చప్పుడు లేదు?"

"చొక్కాకి గుండీ కుడుతున్నా తల్లీ. మా ఆవిడ పోయాక ఇదీ నా నెత్తినే పడింది. చొక్కాకంటే నా వేలికే ఎక్కువ కుట్లు పడుతున్నాయి."

అమ్మాయి పకపకా నవ్వింది. "దారం రెండు పోగులు తీసుకోండి. ముడి లోపలి వైపు రావాలి. గుండీని మరీ బిగించకండి."

చెప్పినట్టే చేశాడు. గుండీ బుద్ధిగా నిలబడింది. ఆ కబురు చెప్పగానే అవతల ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఈ ఇంట్లో ఎవరైనా తనని మెచ్చుకుని ఎన్నాళ్ళయిందో! ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఇప్పుడెంత సార్?"

"నలభై... ఒకటి," అన్నాడు సిగ్గుపడుతూ.

అంతలో ఫోన్లో ఓ మగ గొంతు కస్సుమంది. "ఇంకా ఆ ముసలాయనతోనేనా? అవతల ఎంతమంది లైన్లో ఉన్నారో తెలుసా? పెట్టెయ్!"

ఆయన సూది పక్కన పెట్టేశాడు. తన ఒంటరితనానికి ఆ పిల్ల చీవాట్లు తినడమేమిటి? ఇక దాచకూడదనుకున్నాడు.

"అమ్మా, నిజం చెప్పేస్తా. ఇది ఎప్పుడో..."

"మీరాగండి సార్!" అని ఆయన నోరు మూయించి, ఆ అమ్మాయి తన సూపర్‌వైజర్ వైపు తిరిగినట్టుంది.

"ఎలా పెట్టెయ్యమంటారండీ? ఆయన స్క్రీన్ మొదట్నుంచీ నాకిక్కడ కనిపిస్తూనే ఉంది. ఇంకా నలభై ఒకటి దగ్గరే ఉంది!"